రహీం సాబ్ కుర్చీలో ఎవరు?



పోయిన ఆదివారం మీటింగులో ఉన్నవాళ్ళకు ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో తెలుసు. రానివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన సంఘం కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ కావాలి. ఇద్దరు ముందుకొచ్చారు. ఒకాయనకు లైసెన్సు ఉంది, పెద్ద క్లబ్బు అకాడమీలో పనిచేసిన అనుభవం ఉంది, నెలకు అడిగే మొత్తం కూడా దానికి తగ్గట్టే ఉంది. రెండో ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. పిల్లల్ని ఎనిమిదేళ్ళుగా ఎరుగును, ఆటోఖర్చులు ఇస్తే చాలంటాడు. గంటన్నర వాదించుకుని, కాఫీ తాగి, ఏమీ తేల్చకుండా లేచాం. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. అందులో నన్నూ ఇరికించారు.

మా పెదనాన్నగారు బతికుంటే ఒక్క మాటలో తేల్చేసేవారు. ఆయన ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు బొంబాయిలో ఉండి, తర్వాత బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్పు జరిగితే టికెట్టు డబ్బుల కోసం రెండు పూటల టిఫిను మానుకున్నానని చెప్పేవారు. అది ఎవరి కోసమో వేరే చెప్పాలా? హైదరాబాద్ సిటీ పోలీస్ కోసం. "మనోళ్ళు వచ్చార్రా" అనేవారట మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్ళు. ఆ జట్టులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఉర్దూ మాట్లాడేవాళ్ళే ఎక్కువ. అయినా హైదరాబాద్ అన్న పేరు చాలింది, పరాయి ఊళ్ళో అది మన ఊరే.

ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఈ మధ్య ఆయన మీద హిందీలో 'మైదాన్' అని సినిమా వచ్చాక మన పిల్లలకూ ఆ పేరు తెలిసింది, సంతోషం. అయితే సినిమాలు గెలుపునే బాగా చూపిస్తాయి. నాకు కావలసింది అంతకంటే ముందరి సంగతి. అసలు ఆయన్ని ఆ పనికి ఎలా తీసుకున్నారు? ఆయనలో ఏం చూశారు?

రహీమ్ 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల చేత ఆటలాడించే పనిలోకి దిగారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అంటే పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చేనాటికే నగరంలో ఏ మైదానంలో ఏ కుర్రాడు ఏ కాలితో కొడతాడో ఆయనకు తెలుసు. ఆయన ఏనాడూ దేశమంతా పేరు మోగిన ఆటగాడు కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. 1950లో సిటీ పోలీస్ జట్టును ఆయనకు అప్పగించినప్పుడు, అప్పటిదాకా నార్బర్ట్ ఫ్రువాల్ అనే ఆయన తీర్చిదిద్దిన మంచి జట్టు చేతికి అందింది. కుప్పకూలిన జట్టును నిలబెట్టమని కాదు, బాగున్నదాన్ని చెడగొట్టకుండా ఇంకో మెట్టు ఎక్కించమని ఇచ్చిన పని అది. నన్నడిగితే ఇదే కష్టం. కూలిన ఇంటిని ఎలా కట్టినా మెచ్చుకుంటారు, నిలిచిన ఇంటి గోడ కదిపితే ఊరుకోరు.

ఆయన ఏం చేశారు? 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసుదే. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా 1950లోనే గెలిచారు, మళ్ళీ 1954లో. కలకత్తా క్లబ్బులు దేశంలో ఆటంటే తమదేనని నమ్ముతున్న రోజులవి.

ఇందులో మంత్రమేమీ లేదు. మాస్టారి బుర్ర, అంతే. అప్పటి మన ఆటలో ప్రతి ఫార్వర్డూ బంతిని కాలికి అంటించుకుని, నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలని చూసేవాడు. రహీం సాబ్‌కు అది నచ్చదు. బంతి మనిషి కంటే వేగంగా పోతుంది కదా, అది పోనివ్వండి అనేది ఆయన లెక్క. అందుకని హైదరాబాదులో కుర్రాళ్ళకు ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. కొన్నిటిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, కొన్నిటిలో వాటం లేని కాలితోనే ఆడాలి. మన పిల్లలు కుడిచేత్తో రాసేవాళ్ళైతే ఒక నోటుపుస్తకం మొత్తం ఎడమచేత్తో రాయమన్నట్టు. కుర్రాళ్ళు మొదట ఎంత విసుక్కుని ఉంటారో ఊహించుకోండి. కానీ రెండేళ్ళు పోయాక ఆ నగరంలో రెండు కాళ్ళతోనూ పాసిచ్చే కుర్రాళ్ళు తయారయ్యారు. వాళ్ళే తర్వాత దేశానికి ఆడారు. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరామ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ జట్టులో వీళ్ళంతా ఉన్నారు.

ఒక చిన్న పక్కదారి. వీళ్ళను మనం 'ప్రొఫెషనల్' అనం. జీతం పోలీసు ఉద్యోగానికి, ఆట దాంతోపాటు. కానీ నిజానికి అప్పటి కుర్రాడికి ఆ ఉద్యోగమే కాంట్రాక్టు. గోలు కొట్టలేకపోయినా ఒకటో తారీఖుకి జీతం వస్తుంది, మోకాలు విరిగితే గుమాస్తా పనైనా ఉంటుంది. ఇది తర్వాత పనికొస్తుంది, మనసులో ఉంచుకోండి.

దేశం జట్టుకు కూడా రహీమే కోచ్. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, మేవాలాల్ గోలు, బంగారు పతకం. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తుచేసింది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ ఒక్క గోలూ కొట్టింది మన బెంగళూరు అహ్మద్ ఖాన్. ఇంటిపక్క గల్లీలో ఆడే పిల్లలకు ఈ పేరు ఎవరైనా చెప్పండయ్యా.

పది గోల్స్ తిన్న కోచ్‌ని ఇవాళైతే విమానం దిగకముందే పీకేస్తారు. సెల్ ఫోన్లలో మనమే పీకేస్తాం. ఆ ఓటమి తర్వాత ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. 1956లో మెల్‌బోర్న్‌కు జట్టును తీసుకెళ్ళింది మళ్ళీ రహీమే. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, సెమీఫైనల్ దాకా వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచారు. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు, హంగరీ మీద 2-1తో ఓడినా మన గోలు కొట్టింది అమ్ముగూడ బలరామ్.

1962 జకార్తా సంగతి చాలామందికి తెలుసు, అయినా రాయకుండా ఉండలేను. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన దేశపు అధికారి ఒకాయన తప్పుపట్టాడని అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను దాటుకుని, సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, వెనక నుంచి తీసి ముందుకు, సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలవాడు ఒకటి కొట్టారు. 2-1. అప్పటికే రహీం సాబ్‌ను కాన్సరు తినేస్తోంది. తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో పోయారు. యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడి నుంచే నాకు అసలు కథ మొదలవుతుంది. ఆ కుర్చీలో ఎవరు?

దేశం జట్టుకు ఇంగ్లండు నుంచి హ్యారీ రైట్‌ను తెచ్చారు. 1964 ఆసియా కప్పులో మనవాళ్ళు రెండో స్థానంలో నిలిచారు, చెడ్డ ఫలితమేం కాదు. కానీ అది రహీమ్ పెంచిన కుర్రాళ్ళ జట్టు. చెట్టు నాటినవాడు పోయాక కూడా రెండు మూడు కాపులు వస్తాయి కదా. హైదరాబాదులో పోలీసు శాఖ ఉంది, ఉద్యోగాలున్నాయి, మైదానాలున్నాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ 1965లో సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. లేనిదల్లా ఆ పంతులుగారే. వాటం లేని కాలితో ఆడించే పోటీలు పెట్టే మనిషి మళ్ళీ రాలేదు. బాగా ఆడేవాళ్ళు కలకత్తా క్లబ్బులకు పోవడం బలరామ్ రోజుల నుంచే ఉంది. వెనక నుంచి కొత్తవాళ్ళు వస్తున్నంతకాలం అది నష్టంగా తోచలేదు, రావడం తగ్గాక తెలిసింది. మన మైసూరు 1967లో, 1968లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచి, ఆ తర్వాత కర్ణాటక పేరుతో మళ్ళీ గెలవడానికి 2023 దాకా, 54 ఏళ్ళు ఆగాల్సొచ్చింది. కాబట్టి హైదరాబాదును ఒక్కదాన్నే అనక్కర్లేదు.

ఇప్పుడు అసలైన ప్రొఫెషనల్ రోజుల్లోకి వద్దాం. 2013లో మన బెంగళూరు ఎఫ్‌సీ పుట్టినప్పుడు ఆష్లీ వెస్ట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన్ని తెచ్చారు. ఎవరీయన అన్నాం. మొదటి ఏడే ఐ-లీగ్ గెలిచాడు. ఆయన తర్వాత 2016లో ఆల్బర్ట్ రోకా వచ్చాడు. బార్సిలోనాలో రైకార్డ్ దగ్గర సహాయకుడిగా చేసినవాడు. వచ్చిన కొద్ది నెలలకే జట్టును ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు తీసుకెళ్ళాడు, మన దేశం క్లబ్బు ఏదీ అంతకు ముందు అక్కడికి చేరలేదు. రోకా వెళ్ళిపోతే ఆయన సహాయకుడు కార్లెస్ క్వాద్రాత్‌నే కోచ్ చేశారు. బయట వెతకలేదు. 2018-19లో సూపర్ లీగ్ కప్పు మనకొచ్చింది. కంఠీరవలో ఆ రోజుల్లో అరిచిన గొంతు నాకింకా పూర్తిగా బాగుపడలేదు.

ఒడిశా సభ్యులు నొచ్చుకోకండి, మీది కూడా చెప్పాలి. 2023 మార్చిలో జోసెప్ గొంబావ్ వెళ్ళిపోతే, సహాయకుడిగా ఉన్న గోవా మనిషి క్లిఫర్డ్ మిరాండాను తాత్కాలికంగా కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి ఆయన సూపర్ కప్పు గెలిచి చేతిలో పెట్టాడు, అదీ ఫైనల్లో మా బెంగళూరును ఓడించి. క్లబ్బుకు అదే మొదటి ట్రోఫీ. మరుసటి సీజనుకు ఆయన్నే ఉంచారా? లేదు, సెర్జియో లొబేరాను తెచ్చారు. లొబేరా గొప్పవాడే, కాదనను. కానీ మనవాడు గెలిస్తే 'తాత్కాలికం', పరాయివాడు ఓడితే 'ప్రాజెక్టు' అన్న లెక్క నాకు మింగుడుపడదు.

ఇక హైదరాబాద్. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఆటగాళ్ళలో చాలామంది అక్కడివాళ్ళే, కోచ్ ఫిల్ బ్రౌన్ కూడా పుణె నుంచి వచ్చినవాడే. పెళ్ళికి అద్దెకు తెచ్చిన కుర్చీల్లాగే ఉంది వ్యవహారం. 18 మ్యాచుల్లో రెండే గెలిచారు. పది పాయింట్లతో అట్టడుగు. బ్రౌన్‌ను జనవరిలోనే పంపేశారు. తర్వాత సీజనుకని మన పాత రోకాను పిలిచారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. తీరా 2020 ఆగస్టులో బార్సిలోనా నుంచి రోకాకు కబురొచ్చింది, ఫిట్‌నెస్ కోచ్‌గా రమ్మని. ఆయన వెళ్ళిపోయాడు. ఎవరు మాత్రం వెళ్ళరు?

సీజను మొదలవడానికి మూడు నెలల వ్యవధి లేదు. బయట కరోనా. అలాంటప్పుడు కంగారులో తెచ్చిన మనిషి మనోలో మార్కెజ్. ఆయన దరఖాస్తు కాగితం మన కమిటీ ముందు పెడితే మనం పక్కన పడేసేవాళ్ళం, నిజం ఒప్పుకుందాం. స్పెయిన్ మొదటి డివిజన్‌లో లాస్ పాల్మాస్‌కు 2017లో కోచ్ అయ్యి, ఆరు లీగ్ మ్యాచులకే రాజీనామా చేసినవాడు. క్రొయేషియాలో కొన్నాళ్ళు, థాయ్‌లాండ్‌లో కొన్నాళ్ళు.

ఆయన వచ్చి చేసిన పని చూడండి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్ళను ఆడించాడు. ఆడించాడంటే, ఓడినా మళ్ళీ ఆడించాడు. మొదటి ఏడు ఐదో స్థానం, చివరి రోజున ప్లేఆఫ్స్ చేజారింది. రెండో ఏడు, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఒక గోలు వెనకబడి ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మన కర్ణాటక పేరున్న గోలీ, లక్ష్మీకాంత్ కట్టిమణి, మూడు ఆపాడు. హైదరాబాదుకు సూపర్ లీగ్ కప్పు. గచ్చిబౌలిలో ఆ సీజను ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు, అంతా గోవాలోనే. గెలిచిన జట్టును సొంత ఊరి జనం ఆ ఏడాది టీవీలో తప్ప చూడలేదు.

2022-23లో కూడా రెండో స్థానం. తర్వాత మనోలో గోవా క్లబ్బుకు వెళ్ళాడు. ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే చేయి ఆడదు. బకాయిలు పేరుకున్నాయి, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది, విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు. అప్పుడు కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో. ఆయన్ని తిట్టినవాళ్ళున్నారు. నేనైతే తిట్టను. చేతికి దొరికిన పిల్లలతో సీజను మొత్తం పూర్తిచేయించాడు, అది చిన్న పని కాదు. తర్వాత యజమానులు మారారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది.

ఇందాక మనసులో ఉంచుకోమన్న మాట ఇప్పుడు తీయండి. 1963లో హైదరాబాదుకు జీతమిచ్చే శాఖ మిగిలింది, గురువు పోయాడు. ఆట మెల్లగా, ఇరవై ముప్పై ఏళ్ళలో నీరసించింది. 2023 తర్వాత జీతాల గొలుసే తెగింది. రెండేళ్ళలో జట్టే ఊరు వదిలింది. మన వాదనంతా కోచ్ ఎవరన్నదాని మీదే జరిగింది. ఆయనకూ పిల్లల బూట్లకూ మూడేళ్ళపాటు డబ్బు ఎక్కడి నుంచి అని ఆదివారం ఒక్కరూ అడగలేదు. నేను కూడా అడగలేదు, అది నా తప్పు.

ఇంకొక్క సంగతి. దేశం జట్టు కోచ్‌గా ఆ మనోలోనే 2024లో తీసుకున్నారు, గోవా క్లబ్బు పని వదలకుండానే. మొదటి టోర్నీ మన హైదరాబాదులోనే, గచ్చిబౌలిలో జరిగింది. మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. మొత్తం ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటే గెలిచి 2025 జులైలో తప్పుకున్నాడు. హైదరాబాదులో కప్పు గెలిచిన అదే మనిషి, అదే బుర్ర. అక్కడ ప్రతిరోజూ పొద్దున్నే కుర్రాళ్ళతో మైదానంలో ఉన్నాడు, ఇక్కడ రెండు నెలలకోసారి వారం రోజులు. రహీం సాబ్ దేశానికి కోచ్ అయినా హైదరాబాదు కుర్రాళ్ళను వదల్లేదు, జాతీయ జట్టులో సగం బలం ఆయన రోజూ చూసే పిల్లలే. ఈ తేడా దరఖాస్తు కాగితంలో కనబడదు.

ఆయన తర్వాత 170 దరఖాస్తులు వస్తే, ముగ్గురిని వడపోసి, 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను ఎంచుకున్నారు. చాలా ఏళ్ళకు ఆ కుర్చీలో భారతీయుడు. ముంబై సభ్యులకు ఈయన బాగా తెలుసు, అక్కడి ముంబై ఎఫ్‌సీకి ఏళ్ళ తరబడి కోచ్. అక్కడి నుంచి తప్పించాక ఐజ్వాల్ వెళ్ళి, ఎవరూ లెక్కచేయని జట్టుతో 2016-17 ఐ-లీగ్ గెలిచాడు. వచ్చీ రాగానే సీఏఎఫ్ఏ టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. ఆ అక్టోబరులోనే సింగపూర్ చేతిలో ఓడి ఆసియా కప్ అవకాశం పోయింది. వెంటనే ఆయన్ని తీసేయాలన్న పోస్టులు మన గ్రూపులోనే మూడు చూశాను. హెల్సింకిలో పది గోల్స్ తిన్నాక నాలుగేళ్ళకు మెల్‌బోర్న్ వచ్చిందని ఆ ముగ్గురికీ వేర్వేరుగా జవాబు రాశాను. ఒకాయన నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

సరే, మన విషయం. కమిటీలో నా అభిప్రాయం దాచను. నేను డ్రిల్లు మాస్టారి వైపు మొగ్గుతున్నాను. అయితే ఆయన పంతులు, రహీమూ పంతులు అన్న పోలిక మీద మాత్రం కాదు. పంతుళ్ళందరూ రహీమ్‌లు అయితే ఈ దేశం ఎప్పుడో ప్రపంచ కప్పు గెలిచేది. రహీం సాబ్ వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారని పైన రాశాను కదా, మాస్టారు కూడా కోచింగ్ లైసెన్సు పరీక్షకు కూర్చోవాలి, ఆ ఫీజు సంఘం కట్టాలి. లైసెన్సు ఉన్న ఆయన్ని నెలకు రెండు ఆదివారాలు పిలిపించి పిల్లలకు పాఠం చెప్పించగలిగితే ఇంకా మంచిది. ఆయన ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు, అడిగితే కదా తెలిసేది. నాతో విభేదించే సభ్యులు కింద రాయండి, కోప్పడను.

వచ్చే ఆదివారం పొద్దున పదకొండింటికి మళ్ళీ మీటింగు. ఖజానా లెక్కల పుస్తకం కూడా ఈసారి తెమ్మని కోశాధికారిగారికి మనవి. అలాగే ముంబైలో, షోలాపూరులో ఉన్న సభ్యుల ఇళ్ళలో పెద్దవాళ్ళెవరైనా కూపరేజ్‌లో సిటీ పోలీస్ ఆట చూసినవాళ్ళుంటే, వాళ్ళను కూర్చోబెట్టి ఫోనులో మాటలు రికార్డు చేసి పంపండి. మా పెదనాన్నగారివి నేను చేయలేకపోయాను.